పెట్రోలు రంపము: నూనె, పదును

2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తీరము దాటినప్పుడు ఉద్దానములో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగినవి. అట్టి మానులను కోసి తోట శుభ్రపరచుటకు పెట్రోలు రంపము వంటి పనిముట్టు మరొకటి లేదు. సరుగుడు, జామాయిలు పెంచు గ్రామములందును ఇది ఇప్పుడు సామాన్యమే. అయితే పంపుసెట్టును చూచుకొను పద్ధతిలోనే దీనిని చూచినచో మిషను దక్కదు.

పంపుసెట్టు ఇంజనుకు అడుగున నూనె తొట్టి ఉండును. రెండు స్ట్రోకుల రంపమునకు అది లేదు. పిస్టనుకు అందు నూనె అంతయు పెట్రోలుతో కలిసి రావలసినదే. ఉత్త పెట్రోలుతో నడిపినచో కొద్ది సేపటిలోనే పిస్టను గీసుకొని సిలిండరులో బిగుసుకొనిపోవును. పెక్కు రంపములకు 50 పాళ్ల పెట్రోలుకు 1 పాలు టూ-స్ట్రోక్ నూనె, అనగా 5 లీటర్లకు 100 మిల్లీలీటర్లు చాలును. కొన్నింటికి 25 పాళ్లకు 1 పాలు కావలెను. మిషనుతో ఇచ్చిన పుస్తకమును చూచి కొలిచి పోయవలెను, అందాజు పనికిరాదు. పంచాయతీ రంపమువలె పలువురు వాడునదైనచో, డబ్బాపై పాళ్లు, కలిపిన తేదీ వ్రాసి ఉంచుట మేలు. నేటి పెట్రోలులో ఇథనాలు ఉండును. అది తేమను పీల్చును. కావున ఒక నెలకు మించి నిలువ ఉంచరాదు. పని ముగిసి రంపమును దాచునపుడు ట్యాంకు వంచివేసి, ఇంజను దానంతట అది ఆగువరకు నడపవలెను.

రెండవ ట్యాంకు గొలుసు నూనెది. పెట్రోలు పోసినప్పుడెల్ల దీనిని కూడ నింపవలెను. పొదుపని ఇంజనులోనుండి తీసిన పాత నూనె పోయువారు కలరు. అందలి లోహపు రజను నూనె పంపును, బారును అరగదీయును. ఇది పొదుపు కాదు.

ఇక పదును. కోతలో చిన్న చెక్కముక్కలు రాలుచున్నంతవరకు గొలుసు బాగున్నట్లే. పిండివంటి పొట్టు వచ్చుచున్నచో పదును పోయినది. ఇసుక నేలలో పడిన కొబ్బరి మాను కోయునపుడు గొలుసు ఒక్కమారు ఇసుకను తాకిన చాలును! మానుక్రింద దుంగ పెట్టి ఎత్తిన పిమ్మట కోయవలెను.

పదును పెట్టుటకు ముందు ఇంజను ఆపి, స్పార్క్ ప్లగ్గు తొడుగు ఊడదీయవలెను. గొలుసుకు తగిన మందముగల గుండ్రని ఆకురాయిని పంటి లోపలినుండి బయటకే తోయవలెను; వెనుకకు రాపాడించరాదు. కోణము సాధారణముగా 30 డిగ్రీలు. అన్ని పళ్లకు ఒకే లెక్కన తోపులు పడవలెను, లేనిచో కోత ఒక ప్రక్కకు లాగును. పంటిముందున్న మెట్టును ఎక్కువగా అరగదీసినవాని చేతిలో రంపము ఎగిరిపడును.

గాలి ఫిల్టరును ప్రతిదినము దులుపవలెను. గొలుసు బారు అడుగున వ్రేలాడక, చేతితొడుగుతో లాగినచో తేలికగా తిరుగవలెను. బారును అప్పుడప్పుడు తిరగవేసినచో రెండు అంచులు సమముగా అరుగును.

బారు కొన పైభాగము చెక్కకు తగిలినచో రంపము మనిషి ముఖముమీదికి విసరివేయబడును. ఆ క్షణమున గొలుసును ఆపునది ముందుపిడి దగ్గరి బ్రేకు. ఉదయము పని ఆరంభించునపుడు దానిని ఒకసారి వేసి చూడవలెను. గొలుసు వెంటనే ఆగనిచో ఆ దినము రంపమును ఇంటివద్దనే ఉంచవలెను.