మనోవ్యాకులతకు కొలత



కుంచమును మీరెల్లరు నెఱుగుదురు. ఒక సీమ కుంచముతో మఱియొక సీమలో ధాన్యము కొలిచినచో తగవు తప్పదు. కొలిచినవాడు మోసగాడు కానక్కఱలేదు. కుంచము అచ్చటిది కాకపోవుటయే దోషము. ధాన్యమునకే యిట్లుండగా మనుష్యుని దిగులును కొలుచు సాధనము మాట యేమి? నేటి నా ప్రసంగము దీనిని గూర్చియే.

పంటను గూర్చియు, బిడ్డ పెండ్లిని గూర్చియు చింతించుట లోకసహజము. అది రోగము కాదు. కారణము తీరినను చింత తీరక, నిద్ర చెడి, పని సాగనీయనిచో అది వైద్యుడు చూడదగిన వ్యాకులత. దానిని గుర్తించుటకై 2006లో అమెరికాలో రాబర్టు స్పిట్జరు మొదలగువారు 7 ప్రశ్నల పట్టిక నొకదానిని ప్రకటించిరి. గడచిన రెండు వారములలో ఆయా బాధ యెంత తఱచుగా కలిగెనో రోగియే చెప్పవలెను. ఒక్కొక్క ప్రశ్నకు 0 మొదలు 3 వఱకు అంకెలు, మొత్తము 21. అందు 10గాని అంతకు మించిగాని వచ్చినవారిని వైద్యుడు విచారింపవలెను.

ఇట్టి పట్టికకు భాష మార్చినచో చాలునని నేనును ఒకప్పుడు తలంచితిని. అట్టి ప్రశ్నలను తెనిగించి, మా వీథిలోని ముసలమ్మకు చదివి వినిపించితిని. “ఆందోళనంటే రోడ్డుమీద కూర్చుంటారే, అదేనా నాయనా?” అని ఆమె యడిగెను. దిగులు, బెంగ, గుండెదడ యన్న మాటలు ఆమెయే నాకు నేర్పెను. నా తెనుగు తప్పు కాదు. కాని ఆమెకు చేరలేదు.

ఆఫ్రికా ఖండమందలి జింబాబ్వేలో షోనా భాష వాడువారు ఈ బాధను ‘కుఫుంగిసిస’ యందురు. అతిగా ఆలోచించుట యని దాని యర్థము. 1997లో విక్రమ్ పటేలు మొదలగువారు అచ్చటి రోగుల మాటల నుండియే 14 ప్రశ్నల పట్టికను కూర్చిరి. అందు అతిగా ఆలోచించుటయే కాక కడుపునొప్పియు నడుగబడును.

మఱి పరాయి పట్టికను పరీక్షించు విధమేమి? మొదట ఒకరు దానిని దేశభాషలోనికి మార్తురు. మూలమును చూడని వేఱొకరు తిరిగి మూలభాషలోనికి మార్తురు. రెంటిని పోల్చి తేడాలను దిద్దుదురు. పిమ్మట కొందఱకు పట్టికలో వచ్చిన అంకెను, ఆ యంకె నెఱుగని వైద్యుడు వారినే విచారించి చెప్పిన నిర్ణయముతో సరిచూతురు.

అమెరికా పట్టికను హరారే నగరములో నిట్లు పరీక్షించి, 2016లో ఫలితములను ప్రకటించిరి. 10 అంకెయే హద్దుగా నుంచగా, వ్యాకులత గలవారు నూర్గురిలో 89 మందిని పట్టిక గుర్తించెను, అమెరికాలోను అంతియే. కాని వ్యాకులత లేనివారు నూర్గురిలో అమెరికాలో 82 మందిని సరిగా విడిచిపెట్టిన యా పట్టిక, హరారేలో 73 మందినే విడిచెను. అనగా రోగము లేని 27 మందిని అనుమానించెను. ఇటు 11 మంది బాధితులు ఎవరికంటను పడకపోయిరి. పరీక్షింపనిచో ఈ లెక్కయే తెలియదు.

ఆ నగరమందే 2006లో డిక్సన్ చిబాండా యను వైద్యుడు 14 మంది అవ్వలకు శిక్షణ యిచ్చి, బల్లమీద కూర్చుండి దుఃఖితుల మాట వినునట్లు ఏర్పాటు చేసెను. ఆ పనిలో వాడుకైనది షోనా పట్టికయే.

కావున పెద్దలారా! మీ గ్రామమునకు ఎవరైన ఇట్టి ప్రశ్నలతో వచ్చినచో, ఇవి మనవారియందు సరిచూడబడినవా యని యడుగుడు. అంకె తక్కువ వచ్చినను ఒకడు నిద్రలేక కృశించుచున్నచో, అంకెను నమ్మి వానిని విడువకుడు, వైద్యునికడకు పంపుడు.