పింఛను ఆగిందా? కారణం ముందు కాగితం మీద తీసుకోండి

ఒకటో తారీఖు పొద్దున్నే పింఛను ఇచ్చే ఉద్యోగి వీధిలోకి వస్తాడు. పక్కింటి ముసలమ్మకు ఇస్తాడు, ఎదురింటి వాళ్లకు ఇస్తాడు. మీ గుమ్మం ముందు ఆగి 'ఈ నెల జాబితాలో మీ పేరు లేదు పెద్దాయనా' అని సాగిపోతాడు. నూర్పిడి మిషనులో చెయ్యి పోగొట్టుకున్న రైతుకైనా, పోలియోతో కాలు చచ్చుబడిన కౌలుదారుకైనా ఆ మాట పిడుగుపాటే. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను నెలకు 6 వేల రూపాయలు. పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వారికి 15 వేలు. నెలకు 6 వేలంటే ఏడాదికి 72 వేలు. రెండెకరాల మెట్ట మీద ఖర్చులు పోను అంత మిగిలిన సంవత్సరాలు ఎన్ని ఉన్నాయో రైతునే అడగాలి. 75 రూపాయల పింఛను రోజుల్లో అది ఆగితే చుట్ట ఖర్చు ఆగేది. ఇప్పుడు ఆగితే మందులు ఆగుతాయి, విత్తనాల కొట్టు దగ్గర పరపతి పోతుంది.

పింఛను ఆగగానే చాలామంది చేసే పని ఊళ్లో పెద్దమనిషి ఇంటికి పరుగెత్తడం. ఆయన 'చూద్దాంలే' అంటాడు. అలా రెండు నెలలు గడుస్తాయి. ఈలోగా అప్పీలు గడువు దాటిపోతుంది. కనుక ముందు వెళ్లవలసింది గ్రామ సచివాలయానికి. అక్కడ వెల్ఫేర్ అసిస్టెంటును ఒకే ఒక్క ప్రశ్న అడగండి: 'నా పింఛను ఏ కారణంతో ఆగింది?' నోటిమాటతో సరిపెట్టుకోవద్దు. నోటీసు వచ్చి ఉంటే దాని నకలు, రాకుంటే కంప్యూటరులో చూపే కారణం ప్రింటు తీసి ఇమ్మనండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్య్రరేఖకు దిగువన ఉన్న వారికి దీనికి రుసుము లేదు.

ఇంత పట్టుబట్టమనడం ఎందుకంటే, కారణాన్ని బట్టి ఎక్కే గుమ్మం మారుతుంది. పొలం లెక్కతో ఆగిన పింఛనుకు ఆస్పత్రి చుట్టూ తిరిగితే ఏం లాభం?

శాతం తగ్గిందని ఆగితే

2025లో పాత సదరం సర్టిఫికెట్లున్న వారిని మళ్లీ పరీక్షించారు. 40 శాతం కంటే తక్కువ వచ్చిన వారికి, తాత్కాలిక వైకల్యం అని తేలిన వారికి ఆ ఏడాది ఆగస్టులో నోటీసులు వెళ్లాయి. దొంగ సర్టిఫికెట్లతో తీసుకుంటున్న వారు లేకపోలేదు, ఏరివేతను తప్పు పట్టనక్కరలేదు. అయితే ఆ ఊపులో నిజంగా కాలు ఈడ్చుకుంటూ నడిచేవారి పేర్లు కూడా పోయాయని చాలా ఊళ్లలో గగ్గోలు పుట్టింది. అప్పీలు పెట్టుకున్న వారికి తిరిగి పరీక్షలు జరిపించారు. ఇప్పుడైనా, ఇకముందైనా దారి అదే. నోటీసు, పాత సర్టిఫికెట్, కొత్త సర్టిఫికెట్, ఆధార్ నకళ్లు జతచేసి ఎంపీడీవో గారికి అప్పీలు పెట్టాలి. పట్టణాల్లోనైతే మునిసిపల్ కమిషనరుకు. దరఖాస్తు ఇచ్చి చేతులూపుకుంటూ రావద్దు. తేదీ వేసిన రసీదు తీసుకోండి.

రెండోసారి పరీక్షకు ఊరికే వెళితే మొదటిసారి రాసిన అంకెనే మళ్లీ రాసే ప్రమాదం ఉంది. ఆపరేషన్ కాగితాలు, ఎక్స్‌రేలు, ఆస్పత్రి నుంచి ఇంటికి పంపినప్పుడు ఇచ్చిన చీటీ, ప్రమాదమైతే గాయం సర్టిఫికెట్, అన్నీ ఒక సంచిలో పెట్టుకెళ్లాలి. డాక్టరు ముందు మన వాళ్లకు అలవాటైన మొహమాటం పనికిరాదు. 'ఏదో నెట్టుకొస్తున్నానండి' అనకండి. గట్టు ఎక్కలేను, గొంతుకూర్చోలేను, పార పట్టలేను అని ఉన్నదున్నట్టు చెప్పండి. లేనిది మాత్రం కల్పించవద్దు. అది బయటపడితే ఉన్నదీ పోతుంది.

ఇక్కడ ఎక్కువమందికి తెలియని సంగతి ఒకటి ఉంది. వైకల్యం ఒక్క కాలిలోనే ఉండాలని లేదు. కాలు, చెవి, కన్ను, వీటిలో రెండు లోపాలుంటే రెంటినీ కలిపి లెక్కించాలని కేంద్రం నిబంధనలే చెబుతున్నాయి. అయితే 30కి 20 కలిపి 50 అనరు. 90 లోంచి పెద్ద అంకెను తీసేస్తారు. మిగిలినదాన్ని చిన్న అంకెతో హెచ్చవేసి, 90తో భాగిస్తారు. వచ్చినదాన్ని పెద్ద అంకెకు కలుపుతారు. కాలికి 30, చెవికి 20 వచ్చిందనుకోండి. 90 లోంచి 30 పోతే 60. ఇరవై అరవైలు 1200. దాన్ని 90తో భాగిస్తే 13. ముప్పైకి కలిపితే 43. విడివిడిగా చూస్తే ఏదీ 40కి అందదు, కలిపితే దాటుతుంది! ఎముకల డాక్టరు కాలే చూస్తాడు, చెవి సంగతి ఆయన అడగడు. వినికిడి తగ్గిందనో చూపు మందగించిందనో మీరే చెప్పి, ఆ పరీక్ష కూడా రాయించుకోవాలి.

సర్టిఫికెట్ మీద 'తాత్కాలికం' అని ఉంటే దాని గడువు తేదీ గోడ క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. అది దాటకముందే సదరం స్లాటు బుక్ చేసుకోవాలి. ఇక శాతం మీదే పేచీ ఉంటే, సర్టిఫికెట్ ఇచ్చిన వారి నిర్ణయంపై అప్పీలు చేసుకునే హక్కు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 59వ సెక్షనులో ఉంది. దరఖాస్తులో ఆ సెక్షను నంబరు రాయండి.

పొలం, కరెంటు లెక్కతో ఆగితే

వైకల్యం 80 శాతం ఉన్నా కొందరికి పింఛను ఆగుతుంది. ఆ తంటా అంతా రికార్డుల్లో ఉంటుంది. కుటుంబానికి మాగాణి 3 ఎకరాల లోపు, లేదా మెట్ట 10 ఎకరాల లోపు, లేదా రెండూ కలిపి 10 ఎకరాల లోపు ఉండాలన్నది నిబంధన. నెలకు సగటున 300 యూనిట్లు దాటి కరెంటు వాడినా, కారు ఉన్నా కుదరదు. ట్రాక్టరుకు, ఆటోకు, టాక్సీకి మినహాయింపు ఉంది.

చిక్కు ఎక్కడంటే, ఎప్పుడో అమ్మేసిన చెలక ఇంకా మన వన్‌బీలోనే ఉంటుంది. అన్నదమ్ములు నోటిమాటతో పంచుకున్న భూమి అంతా పెద్దవాడి ఖాతాలో కనబడుతుంది. బోరు ఎండిన మెట్ట, కాగితం మీద మాగాణిగా ఉంటుంది. కంప్యూటరుకు మన ఊరి సంగతులేం తెలుసు, ఉన్న అంకె చూసి పేరు కొట్టేస్తుంది. ముందు వన్‌బీ, అడంగల్ తీయించి ఒక్కో సర్వే నంబరూ సరిచూసుకోండి. తప్పుంటే వీఆర్వో ద్వారా తహసీల్దారుకు సవరణ దరఖాస్తు పెట్టాలి. అమ్మిన భూమికి దస్తావేజు నకలు జతచేయాలి. కరెంటు సంగతైతే, వేరొకరి మీటరు మీ ఆధార్‌కు తగిలించి ఉందేమో చూడండి. అద్దె ఇళ్లలో ఉన్నవారికి ఇది ఎక్కువగా వస్తోంది. ఏఈ కార్యాలయంలో ఆ లింకు తీయించి, ఆ కాగితం సచివాలయంలో ఇస్తే సరి.

వలస వెళ్లేవారు ఒకటి గమనించాలి. ఒకటి రెండు నెలలు తీసుకోకపోతే మూడో నెలలో కలిపి ఇస్తారు. వరుసగా మూడు నెలలు కనబడకపోతే ఊరు విడిచిపోయారని రాసుకుంటారు. బెంగళూరు పనికి పోయినా మూడో నెల ఒకటో తారీఖుకు ఊళ్లో ఉండేటట్టు చూసుకోండి.

అప్పీలు నడుస్తుండగా

శాతం ఎలాగూ రాదని తేలిపోతే వేరే పింఛను వస్తుందేమో చూడాలి. 60 ఏళ్లు దాటితే వృద్ధాప్య పింఛనుకు మార్చమని అడగవచ్చు. గిరిజనులకు 50 ఏళ్లకే వస్తుంది. వితంతువులకు వితంతు పింఛను ఉంది. ఈ రెండూ 4 వేలు. ఆధార్‌లో వయసు తప్పు పడి ఉంటే ముందు అది దిద్దించుకోవాలి.

మండలంలో పని జరగకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి నంబరు తీసుకోండి. అప్పటికీ కాకపోతే జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. వికలాంగులకు, స్త్రీలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా వకీలును పెడతారు. 15100కు ఫోను చేసినా చెబుతారు.

పరీక్ష తేదీ దగ్గర పడేకొద్దీ ఆస్పత్రి గేటు దగ్గర 'శాతం నేను వేయిస్తా' అనేవాళ్లు తగులుతారు. 5 వేలో 10 వేలో అడుగుతారు. పింఛను లేని నెలలో ఆ డబ్బు వడ్డీకే తేవాలి. అలా వచ్చిన సర్టిఫికెట్లే 2025 పరీక్షల్లో ముందు రద్దయ్యాయని ఆ గేటు దగ్గర ఎవరూ చెప్పరు. సంచిలో కాగితాలు, జేబులో రసీదు పెట్టుకుని తిన్నగా లోపలికి వెళ్లండి. నడవలేని వారు తోడుగా ఇంట్లో మనిషిని తీసుకెళ్లాలి. అన్నం మూట కూడా కట్టుకెళ్లడం మంచిది, వరుస సాయంత్రం దాకా ఉంటుంది.