పెళ్ళి పనుల పట్టికలో మహర్ ఎక్కడ?

పెళ్ళి నిశ్చయమైన ప్రతి ఇంట్లోనూ పనుల పట్టిక ఒకటి తయారవుతుంది. తారీఖు, ఫంక్షన్ హాలు, వంట మాస్టరు, శుభలేఖలు, బట్టలు, బంగారం, ఫోటోలు, బంధువులను తీసుకువచ్చే బస్సులు, ఇవన్నీ నెలల ముందే అందులోకి ఎక్కుతాయి. ఒక్కొక్క దాని మీద ఇంటిల్లిపాదీ కూర్చుని చర్చిస్తారు. మహర్ మాట మాత్రం, ఖాజీ సాహెబ్ సియాహా తెరిచి కలం చేతపట్టిన తరువాత గాని ఎవరికీ గుర్తుకు రాదు. "ఎంత రాయమంటారు?" అని ఆయన అడుగుతారు. ఇరువైపుల పెద్దలూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. "అందరికీ ఎంత రాస్తున్నారో అంతే రాయండి" అని ఎవరో ఒకరు అంటారు. నికాహ్‌లో వధువుకు షరీఅత్ ఇచ్చిన హక్కు ఆ విధంగా అర నిమిషంలో తేలిపోతుంది.

పూర్వం విశాఖపట్నం జిల్లాలోనూ, 2022 ఏప్రిల్ 4 నుంచి అనకాపల్లి జిల్లాలోనూ ఉన్న మా చోడవరం ప్రాంతం చెరకుకు, బెల్లానికి పేరుపడినది. గోవాడ చక్కెర కర్మాగారం, అనకాపల్లి బెల్లం మార్కెట్టు ఈ చుట్టుపక్కల ఎన్నో కుటుంబాల ఆదాయానికి ఆధారాలుగా ఉంటూ వచ్చాయి. ఉత్తరాంధ్రలో ముస్లిం కుటుంబాలు పలుచగా ఉంటాయి. ఒక పెళ్ళి జరిగితే బంధువులు అనకాపల్లి, నర్సీపట్నం, విజయనగరం, విశాఖల నుంచి రావాలి. అతిథులలో సగానికి పైగా హిందూ ఇరుగుపొరుగే ఉండవచ్చు. చిన్న వ్యాపారం, డ్రైవింగు, కుట్టుపని, కౌలు సేద్యం చేసుకునే ఇంటి పెద్దకు ఆ ఒక్క రోజు ఖర్చు ఏళ్ళ తరబడి అప్పుగా మిగలడం మేము చూస్తూనే ఉన్నాము. అందువల్ల పెళ్ళి ఏర్పాట్లలో ఏది విధి, ఏది సున్నత్, ఏది కేవలం ఆచారం అన్న తేడా తెలియడం ఒక్క పండితులకే పరిమితమైన విషయం కాదు. ఇంటి బడ్జెట్టుకు సంబంధించిన విషయం కూడా.

మొదట మహర్. స్త్రీలకు వారి మహర్‌ను సంతోషపూర్వకంగా చెల్లించమని సూరా అన్ నిసా 4వ ఆయత్ ఆదేశిస్తున్నది. ఎంత పెద్ద మొత్తం ఇచ్చినా దానిని తిరిగి లాక్కోవద్దని అదే సూరా 20వ ఆయత్ హెచ్చరిస్తున్నది. మహర్ వధువు సొంత ఆస్తి. దాని మీద తండ్రికి గాని, అన్నకు గాని, భర్తకు గాని హక్కు లేదు. దైవప్రవక్త (స) తమ సతీమణులకు ఇచ్చిన మహర్ సాధారణంగా 500 దిర్హములని హజ్రత్ ఆయిషా (ర) తెలిపిన హదీసు సహీహ్ ముస్లింలో ఉన్నది. మన దేశపు ఉలమా లెక్క ప్రకారం అది సుమారు 1 కిలో 531 గ్రాముల వెండి. హనఫీ మజ్‌హబ్‌లో కనీస మహర్ 10 దిర్హములు, అనగా దాదాపు 30.6 గ్రాముల వెండి. గరిష్ఠ పరిమితి అంటూ లేదు. వరుడు చెల్లించగలిగినది, వధువుకు గౌరవప్రదమైనది అయితే చాలు.

ఇక్కడ ఒక ఆచరణాత్మకమైన సూచన చేస్తాము. మహర్‌ను రూపాయలలో గాక వెండి లేదా బంగారం తూకంలో నిర్ణయించుకోవడం మేలు. ముప్పై, నలభై ఏళ్ళ క్రితం రూపాయలలో రాసి, చెల్లించకుండా ఉంచిన మహర్ ఈనాడు ఒక నెల సరుకులకైనా చాలదు. తూకంలో రాసిన మహర్ విలువ కాలంతో పాటు కరిగిపోదు.

రెండవ విషయం సియాహాలో వాడే ఒక మాటకు సంబంధించినది. మహర్ రెండు విధాలు. వెంటనే చెల్లించవలసినది ఒకటి, తరువాత చెల్లించవలసినది మరొకటి. అరబీలో మొదటిదాన్ని 'ఐన్' అక్షరంతోనూ, రెండవదాన్ని 'హమ్జా'తోనూ రాస్తారు. చెవికి మాత్రం రెండూ 'ముఅజ్జల్' అనే వినిపిస్తాయి. తెలుగులో రాస్తే ఒక్క అక్షరం తేడా కూడా ఉండదు. ఉర్దూ చదవడం రాని వధువు ఆ గడిలో ఏమి రాశారో ఎలా గ్రహించగలదు? కనుక సియాహాలో ఆ మాట పక్కనే 'వెంటనే చెల్లించారు' అనో, 'ఫలానా తేదీలోగా చెల్లించాలి' అనో తెలుగులో రాయించుకోండి. చెల్లించిన మహర్‌ను సాక్షుల ఎదుట వధువు చేతికే అందించండి.

చెల్లించని మహర్ భర్త మీద అప్పు. అతడు మరణిస్తే వారసులు ఆస్తిని పంచుకోక ముందే ఇతర అప్పులతో పాటు దానిని తీర్చాలి. అయితే మన సమాజంలో జరుగుతున్నదేమి? జనాజా లేవబోయే సమయంలో, కన్నీరు ఆగని ఆ స్త్రీని తీసుకువచ్చి "మహర్ మాఫ్ చేశానని చెప్పమ్మా" అని అడుగుతారు. చుట్టూ జనం, ఎదుట భర్త మయ్యత్. ఆ స్థితిలో కాదనగల స్త్రీ ఎవరు? మనస్ఫూర్తిగా ఇచ్చినదానినే అనుభవించమన్నది ఖుర్ఆన్ షరతు. దుఃఖంలో, సిగ్గులో పలికించిన మాటకు ఆ షరతు వర్తించదు. నికాహ్ రోజునే మహర్ చెల్లించిన ఇంట్లో ఇటువంటి దృశ్యానికి తావే ఉండదు.

మూడవది వధువు సమ్మతి. ఖన్సా బిన్తె ఖిదామ్ (ర) అనే సహాబియా తన ఇష్టానికి వ్యతిరేకంగా తండ్రి చేసిన నికాహ్ గురించి దైవప్రవక్త (స) ఎదుట మొర పెట్టుకున్నారు. ఆయన ఆ నికాహ్‌ను రద్దు చేశారు. ఇది సహీహ్ బుఖారీలో ఉన్నది. వకీలు, ఇద్దరు సాక్షులు వధువు గదిలోకి వెళ్ళినప్పుడు వరుడి పేరు, అతడి తండ్రి పేరు, మహర్ మొత్తం ఆమెకు అర్థమయ్యే భాషలో స్పష్టంగా చెప్పాలి. చుట్టూ మూగిన అక్కలు, పిన్నులు "ఊ అను" అని భుజం తట్టడం సమ్మతి అనిపించుకోదు. ఆ ప్రశ్నను తల్లిదండ్రులు పెళ్ళికి నెలల ముందే, ఏకాంతంలో, కాదనే అవకాశం ఉన్నప్పుడే అడిగి ఉండాలి.

ఇక కట్నం. మన ప్రాంతంలో దీనికి ముద్దుపేర్లు చాలా ఉన్నాయి. 'జోడే కీ రఖమ్' అంటారు. 'అబ్బాయికి బండి' అంటారు. 'మేమేమీ అడగము, మీ అమ్మాయికి మీరు ఇచ్చుకునేది ఇచ్చుకోండి' అని కూడా అంటారు. చివరి మాటే అన్నింటికన్నా బరువైనది, ఎందుకంటే దానికి అంతు లేదు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కట్నం ఇవ్వడాన్నీ, తీసుకోవడాన్నీ నేరంగా పరిగణిస్తున్నది. శిక్ష సాధారణంగా ఐదేళ్ళకు తగ్గని జైలు. ముస్లింల మహర్‌ను మాత్రం ఆ చట్టమే కట్నం నిర్వచనం నుంచి మినహాయించింది. ఎవరూ అడగకుండా ఇచ్చిన కానుకలకు జాబితా రాసి ఉంచాలని 1985 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఆ జాబితా రాసుకోవడం అనుమానించడమని భావించనక్కరలేదు. లావాదేవీలను రాసుకోమని సూరా అల్ బఖరా 282వ ఆయత్ మనకు నేర్పిన క్రమశిక్షణే అది.

హజ్రత్ ఫాతిమా (ర)కు దైవప్రవక్త (స) దుప్పటి, తోలు తిత్తి, గడ్డి నింపిన దిండు ఇచ్చిన సంగతిని జహేజ్‌కు ఆధారంగా కొందరు చూపుతారు. హజ్రత్ అలీ (ర) బాల్యం నుంచి ప్రవక్త (స) పోషణలోనే పెరిగారన్న సంగతిని వారు మరచిపోతారు. తమ వద్ద ఉన్న యుద్ధ కవచాన్ని మహర్‌గా ఇచ్చి ఆయన నికాహ్ చేసుకున్నారు. కొత్త కాపురానికి అత్యవసరమైన నాలుగు వస్తువులను సమకూర్చిన పెద్దరికం అది; ఫ్రిజ్జు, బీరువా, సోఫాల జాబితా పంపే వరుడికి అందులో ఆధారం దొరకదు.

నాలుగవది విందు. దైవప్రవక్త (స) ఆదేశించిన విందు వలీమా. దాని బాధ్యత వరుడిది. ఒక అన్సారీ స్త్రీని ఖర్జూర గింజంత బంగారం మహర్‌గా ఇచ్చి వివాహమాడానని అబ్దుర్ రహ్మాన్ బిన్ ఔఫ్ (ర) తెలిపినప్పుడు, ఒక్క మేకతోనైనా వలీమా చేయమని ఆయన చెప్పారు. హజ్రత్ జైనబ్ (ర)తో వివాహానికి రొట్టె, మాంసం వడ్డించారు. ఖైబర్ ప్రయాణం నుంచి తిరిగి వస్తూ హజ్రత్ సఫియ్యా (ర)తో వివాహమైనప్పుడు ఖర్జూరాలు, నెయ్యి, ఎండబెట్టిన పెరుగు తోలు పరుపుల మీద పరచి పెట్టారు. మాంసమే లేని వలీమా అది. సంపన్నులను పిలిచి నిరుపేదలను వదిలివేసే వలీమా విందు అన్ని విందులలోకీ చెడ్డదన్న హెచ్చరిక కూడా హదీసులలో ఉన్నది.

మన వద్ద క్రమం తారుమారైంది. నికాహ్ రోజున వధువు తండ్రి బిర్యానీ, దాల్చా, డబల్ కా మీఠాలతో పెద్ద దావత్ ఇవ్వాలి. వలీమా మాత్రం వరుడి ఇంటివారి వీలును బట్టి. నికాహ్‌ను మస్జిదులో అసర్ తరువాత గాని, జుమా తరువాత గాని జరిపి, ఖర్జూరాలు, బెల్లం షర్బత్ పంచితే వధువు తండ్రి తల మీద నుంచి ఎంతో బరువు దిగుతుంది. వలీమాలో రెండు కూరలు, ఒక తీపి చాలు. తీపికి దూరం పోనక్కరలేదు. మాడుగుల హల్వా మన పక్కనే ఉన్నది. శాకాహారులైన ఇరుగుపొరుగు కోసం వేరు పొయ్యి, వేరు గరిటెలు, వేరు వరుస ముందుగానే ఏర్పాటు చేయండి. ఆ సంగతి పిలిచేటప్పుడే చెప్పండి. అతిథి నిస్సంకోచంగా భోంచేయగలగడమే అసలైన మర్యాద. మిగిలిన అన్నం చల్లారి పాడవక ముందే ఎవరికి చేర్చాలో, ఎవరు చేర్చాలో ముందురోజే నిర్ణయించుకోండి.

హల్దీ, మెహందీ, సెహ్రా, నల్లపూసల లచ్ఛా వంటి ఆచారాల గురించి తరచూ మమ్మల్ని అడుగుతుంటారు. పసుపు రాసుకోవడం, గోరింటాకు పెట్టుకోవడం, నగ ధరించడం వాటంతట అవి పాపం కావు. లచ్ఛా లేకపోతే పెళ్ళి నిలవదనీ, ఫలానా రస్మ్ జరగకపోతే అశుభమనీ నమ్మడం అఖీదాకు విరుద్ధం. అప్పు చేసి రోజుకొక రస్మ్ జరపడం దుబారా. దుబారా చేసేవారు షైతాన్ సోదరులని సూరా బనీ ఇస్రాయీల్ 27వ ఆయత్ చెబుతున్నది. మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ గారు 'ఇస్లాహుర్ రుసూమ్' రచించినది ఈ విషయం మీదనే. 2021 మార్చిలో ఆల్ ఇండియా ముస్లిం పర్సనల్ లా బోర్డు 'ఆసాన్ నికాహ్' ఉద్యమం చేపట్టి పదకొండు అంశాల ఒప్పందపత్రాన్ని వెలువరించింది. కట్నం, ఆడంబరం లేని నికాహ్ దాని సారాంశం. ఇటువంటి పత్రం మీద మొదటి సంతకం వరుడి తండ్రిది కావాలని మా అభిప్రాయం. అడిగే చేయి ఆగితే ఇచ్చే చేతికి ఊపిరి ఆడుతుంది.

చివరిగా కాగితాలు. వధువుకు 18, వరుడికి 21 ఏళ్ళు నిండిన ఆధారాలు ముందే చూసుకోవాలి. సియాహా నకలు ఇరువైపులా ఉండాలి. వధువు నకలు ఆమె వద్దనే ఉండాలి. మన రాష్ట్రంలో 2002 నాటి చట్టం ప్రకారం వివాహ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పాస్‌పోర్టు, పెన్షను, వారసత్వం వంటి అవసరాలు వచ్చినప్పుడు ఆ కాగితమే స్త్రీకి అండ.

కనుక ఈసారి పట్టిక రాసేటప్పుడు ఈ వరుసను పాటించి చూడండి: మొదట అమ్మాయి, అబ్బాయిల సమ్మతి, తరువాత మహర్ ఎంత, ఎప్పుడు, ఏ రూపంలో అన్నది, తరువాత కట్నం ఉండదన్న స్పష్టమైన మాట, తరువాత కాగితాలు, తరువాత వలీమా. హాలు, బట్టలు, ఫోటోలు మిగిలిన డబ్బును బట్టి. పై ఐదూ సక్రమంగా కుదిరితే, ఆ తరువాతి పనులలో ఒకటీ అరా లోటు వచ్చినా పెళ్ళికి లోటు ఉండదు. మన బిడ్డల కాపురాలలో అల్లాహ్ ప్రేమను, కారుణ్యాన్ని, శుభాన్ని నింపుగాక. ఆమీన్.