గృహవిద్యుత్తు, మోటారుబండి

విద్యుచ్ఛక్తితో నడచు మోటారుబండి యొకయింట తెల్లవారుసరికి నిండుగా చార్జియగును. మఱియొకయింట సగమైనను కాదు. వోల్టులను ఆంపియర్లచే గుణించిన వాట్లు వచ్చును. బండిలోనికి పోవు శక్తి యదియే.

మన దేశమున గృహములకిచ్చు విద్యుత్తు 230 వోల్టులది. 15 ఆంపియర్లు తీసికొన్నచో 3,450 వాట్లగును. 30 యూనిట్లు పట్టు బ్యాటరీ, నష్టములు విడిచి లెక్కించిన, సుమారు 9 గంటలలో నిండును. అమెరికాలో సామాన్యపు ప్లగ్గు 120 వోల్టులది; దానినుండి యెడతెగక తీసికొనదగినవి 12 ఆంపియర్లే. ఆ బ్యాటరీకే యచ్చట 21 గంటలు పట్టును. కావున పలువురు 240 వోల్టుల ప్రత్యేకపు తీగ వేయించుకొందురు.

మన గ్రామమున దీపములు వెలిగించు వేళ వోల్టేజి 180కి దిగెననుకొనుడు. ఆ 15 ఆంపియర్లకే 2,700 వాట్లు వచ్చును; 9 గంటల పని 11 గంటలగును. దీనికోర్వలేక, పెద్ద చార్జరును పాత తీగలకే తగిలించి, ఫ్యూజు పోయినపుడెల్ల లావుతీగ కట్టువారు కలరు. ఎంత సాహసము! ఆంపియర్లు రెట్టింపైనచో తీగలో వేడిమి నాలుగింతలగును. గోడలోని తీగ కాలుచున్నను కంటికి గనబడదు. ఊరు నిద్రించిన పిమ్మట వోల్టేజి సాధారణముగా మరల హెచ్చును. బండిని అప్పుడు తగిలించిన చాలును.