చెల్లింపు భద్రత: వినియోగదారులు చెప్పేది, చేసేది

తార్నాక చౌరస్తా నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయం వైపు వెళ్లే దారిలో ఏదైనా ఒక జిరాక్స్ షాపు ముందు పది నిమిషాలు నిలబడండి. ఈ పాఠానికి కావలసిన ముడిసరుకు అక్కడే దొరుకుతుంది. ఒక విద్యార్థి తన ఫోన్‌లోని నోట్సును వాట్సాప్‌లో షాపు నంబరుకు పంపుతాడు. ప్రింటు చేతికి రాగానే గోడకు అంటించిన క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసి ముప్ఫై రూపాయలు చెల్లిస్తాడు. కౌంటరు మీది సౌండ్ బాక్స్ ఆ మొత్తాన్ని గట్టిగా ప్రకటిస్తుంది. యజమాని తలెత్తి చూడడు. అప్పటికే తర్వాతివారి ఫైలు తెరుస్తుంటాడు.

ఉదయం నడక ముగించుకుని వచ్చేటప్పుడు నేను ఆగే షాపు ఒకటుంది. ఫోన్ చెల్లింపుల వల్ల లాభమేమిటని ఆ యజమానిని అడిగాను. "చిల్లర లొల్లి పోయింది సార్, గంటకు ఇంకో పదిమంది పని అయితది" అన్నాడు. మరి భద్రత? "భయమేం లేదు, బాక్స్ చెప్తది కదా!" అన్నాడు. ఆ మాట అంటుండగానే పనిచేసే కుర్రవాడు యజమాని ఫోన్ తీసి, ఏ తాళమూ లేకుండానే తెరిచి, వచ్చిన ఫైలును కంప్యూటరుకు పంపాడు. తాళం పెడితే ప్రతిసారీ తీయాలి, పని ఆగుతుంది. పని వేగం కోసం ఫోన్‌కు తాళం తీసేసిన మనిషే ఫోన్ భద్రమైనదని చెబుతున్నాడు. ఇందులో అబద్ధం లేదు. ఆయన దృష్టిలో భద్రత అంటే వేరు, అంతే.

ఒకే మాట, పలు అర్థాలు

వినియోగదారుల అభిప్రాయ సేకరణలో తరచుగా కనిపించే ప్రశ్న ఇది: "మొబైల్ చెల్లింపులు సురక్షితమని మీరు భావిస్తున్నారా?" అవును, కాదు, చెప్పలేను అనే మూడు జవాబులుంటాయి. ఈ ప్రశ్నతో చిక్కేమిటంటే, జవాబు చెప్పే ప్రతి ఒక్కరూ వేరువేరు ప్రశ్నకు జవాబు చెబుతారు. దుకాణదారుకు భద్రత అంటే డబ్బు నిజంగా వచ్చిందన్న నమ్మకం. నకిలీ స్క్రీన్‌షాట్ చూపించి సరుకు తీసుకుపోయేవారే ఆయన భయం. సౌండ్ బాక్స్ ఆ భయాన్ని తీర్చింది. హాస్టల్ విద్యార్థికి భద్రత అంటే ఫోన్ పోకుండా ఉండటం. పెన్షన్‌దారుకు పొరపాటున వేరే మీట నొక్కుతానేమోనన్న సంకోచం. నా ఈడు మిత్రులలో కొందరు ఇప్పటికీ కరెంటు బిల్లు కట్టేటప్పుడు మనుమడిని పక్కన కూర్చోబెట్టుకుంటారు. ఈ ముగ్గురి "అవును"లను కలిపి శాతం తీస్తే వచ్చే అంకె దేన్ని కొలిచినట్టు?

వస్తువు కొనేటప్పుడు వినియోగదారుడు నిజమైన నష్టాన్ని కాక తాను ఊహించుకున్న నష్టాన్ని బట్టి నడుచుకుంటాడని రేమండ్ బావర్ 1960లో ప్రతిపాదించాడు. కొత్త సాంకేతికతను జనం స్వీకరించడానికి అది ఉపయోగకరమన్న భావన, వాడటం తేలికన్న భావన ముఖ్యమని 1989లో ఫ్రెడ్ డేవిస్ చెప్పాడు. రెండింటిలోనూ "భావన" అన్న మాటను గమనించండి. తేలికగా ఉన్నది భద్రంగా కూడా ఉందని అనిపించడం మానవ సహజం. ఆ రెండూ ఒకటి కావు.

మాటకూ చేతకూ మధ్య దూరం గురించి మీరు చదవవలసిన పాత అధ్యయనం ఒకటుంది. అమెరికా సమాజ శాస్త్రవేత్త రిచర్డ్ లాపియర్ 1930ల మొదట్లో ఒక చైనా జంటతో కలిసి ఆ దేశమంతా తిరిగాడు. అప్పట్లో అక్కడ చైనీయుల పట్ల వ్యతిరేకత తీవ్రంగా ఉండేది. అయినా వారు వెళ్లిన 251 హోటళ్లు, భోజనశాలలు, బసలలో ఒక్కచోట మాత్రమే వారిని తిరస్కరించారు. తర్వాత అవే సంస్థలకు ఉత్తరం రాసి, చైనీయులను అతిథులుగా అనుమతిస్తారా అని అడిగితే, బదులిచ్చిన వారిలో 90 శాతానికి పైగా అనుమతించమన్నారు. 1934లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. మన విషయంలో ఇదే తిరగబడి కనిపిస్తుంది. "పిన్ ఎవరికీ చెప్పకూడదు" అని అందరూ అంటారు. రద్దీ క్యూలో నిలబడి పిన్‌ను భార్యకో స్నేహితుడికో పైకి చెప్పేవారు మీకూ తెలుసు.

డబ్బు ఎక్కడి నుంచి పోతుంది?

ఈ వ్యవస్థ వేళ్లు కొంతవరకు మన నగరంలోనే ఉన్నాయి. రిజర్వు బ్యాంకు 1996లో హైదరాబాద్‌లో నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ అనే సంస్థ, వివిధ బ్యాంకుల ఏటీఎంలను కలిపే నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్‌ను 2004లో ప్రారంభించింది. 2009లో దాని నిర్వహణ ఎన్‌పీసీఐకి వెళ్లింది. ఆ ఎన్‌పీసీఐయే 2016లో యూపీఐని తెచ్చింది. అదే ఏడాది నవంబరు 8న పెద్ద నోట్ల రద్దు జరిగింది. చేతిలో నోట్లు లేక ఫోన్ పట్టినవారు తర్వాత అలవాటుగా పట్టారు. 2023 ఆగస్టులో యూపీఐ లావాదేవీలు నెలకు 1000 కోట్లు దాటాయి. 2025 ఆగస్టులో 2000 కోట్లు దాటాయి.

యూపీఐ యాప్‌ను మొదటిసారి తెరిచినప్పుడు మీ సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ తనంతట తానే వెళ్లడం గమనించి ఉంటారు. దాంతో మీ నంబరు, మీ ఫోన్ పరికరం ఒకదానికొకటి ముడిపడతాయి. అది మొదటి తాళం. రెండవది నాలుగు లేదా ఆరు అంకెల పిన్. మీ పిన్ తెలిసిన వ్యక్తి కూడా తన ఫోన్ నుంచి మీ డబ్బు పంపలేడు. మీ ఫోన్ దొంగిలించినవాడు పిన్ లేకుండా సాధారణంగా పంపలేడు. ఇది గట్టి ఏర్పాటు. అందుకే మోసగాడు తాళాల జోలికి పోడు. తాళం తీయగలిగిన మనిషి దగ్గరకు, అంటే మీ దగ్గరకే వస్తాడు.

ఒక విద్యార్థి చదువు ముగించి హాబ్సిగూడలో గది ఖాళీ చేస్తూ పాత సైకిలు అమ్మకానికి పెట్టాడనుకుందాం. ఒకాయన ఫోన్ చేసి బేరమాడకుండా ఒప్పుకుంటాడు. డబ్బు పంపుతున్నానంటూ ఒక క్యూఆర్ కోడ్ పంపి, "స్కాన్ చేసి పిన్ కొడితే మీ ఖాతాలో పడుతుంది" అంటాడు. విద్యార్థి అలాగే చేస్తాడు. డబ్బు రాదు, పోతుంది. డబ్బు అందుకోవడానికి స్కాన్ అక్కరలేదు, పిన్ అసలే అక్కరలేదు. పిన్ అడిగారంటే డబ్బు బయటికి పోతోందని అర్థం. ఎదుటివాడు డబ్బు కోరుతూ పంపే అభ్యర్థనను అనుమతించడమూ ఇలాంటి ఉచ్చే. వ్యక్తుల మధ్య ఆ సదుపాయాన్ని 2025 అక్టోబరులో నిలిపివేశారు. ఇప్పుడు పెళ్లి పత్రిక అనీ ట్రాఫిక్ చలాన్ అనీ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు ఆ స్థానంలోకి వచ్చాయి. అవి ఫోన్‌లో చేరి మీ ఎస్సెమ్మెస్‌లను వేరొకరికి చేరవేయగలవు.

మూడు పనిదినాలు

ఈ భాగాన్ని పరీక్ష కోసం కాక మీ కోసం చదవండి. మీ ప్రమేయం లేకుండా ఖాతా నుంచి డబ్బు పోతే ఎవరు భరించాలన్నది రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన సర్క్యులర్‌లో ఉంది. లోపం బ్యాంకుదైతే ఖాతాదారుకు బాధ్యత లేదు. లోపం బ్యాంకుదీ కాక, మీదీ కాక, మరెక్కడో జరిగితే మూడు పనిదినాలలోగా బ్యాంకుకు తెలియజేయాలి. అప్పుడు మీ బాధ్యత సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య తెలిపితే నష్టంలో కొంత మీరు భరించాలి. మామూలు పొదుపు ఖాతాకు దాని గరిష్ఠ పరిమితి 10,000 రూపాయలు, కనీస సౌకర్యాల ఖాతాకు 5,000. ఏడు దాటితే ఆ బ్యాంకు విధానమే శరణ్యం. ఫిర్యాదు అందిన పది పనిదినాలలో బ్యాంకు ఆ మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాలో జమ చేయాలి. తప్పు ఖాతాదారుదే అని నిరూపించే భారం కూడా బ్యాంకు మీదే ఉంది.

ఈ రోజుల లెక్క బ్యాంకు సమాచారం మీకు అందినప్పటి నుంచి మొదలవుతుంది. అంటే సాధారణంగా ఎస్సెమ్మెస్ వచ్చినప్పటి నుంచి. వచ్చిన వందల సందేశాల మధ్య దాన్ని చదవకుండా వదిలేస్తే గడియారం మాత్రం ఆగదు.

సైకిలు అమ్మిన విద్యార్థి సంగతి ఇంకా కష్టం. పిన్ అతడే కొట్టాడు కాబట్టి నిర్లక్ష్యం అతడిదేనని బ్యాంకు వాదించవచ్చు. పిన్, ఓటీపీ వంటివి ఇతరులకు ఇవ్వడం వల్ల కలిగిన నష్టాన్ని, బ్యాంకుకు తెలిపే వరకు ఖాతాదారే భరించాలని అదే సర్క్యులర్ చెబుతుంది. తెలిపిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుది. అయినా అతడికి ఒక దారి ఉంది. 1930 నంబరుకు వెంటనే ఫోన్ చేస్తే, డబ్బు చేరిన ఖాతాలో దాన్ని స్తంభింపజేసే అవకాశం ఉంటుంది. మోసగాళ్లు ఆ డబ్బును ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు నిమిషాల్లో మారుస్తారు కాబట్టి ఇక్కడ రోజులు కాదు, గంటలు లెక్క. నేను చూసినంతలో జనం ఈ గంటలను పోగొట్టుకునేది నంబరు తెలియక కాదు, సిగ్గు వల్ల. డిగ్రీ చదువుతూ ఇలా మోసపోయానని ఇంట్లో ఎలా చెప్పాలన్న ఆలోచనలోనే రాత్రి గడిచిపోతుంది. ఏ ప్రశ్నావళిలోనూ ఈ సిగ్గుకు గడి ఉండదు.

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే, లేదా ఇచ్చిన జవాబు తృప్తినివ్వకపోతే, రిజర్వు బ్యాంకు సమగ్ర అంబుడ్స్‌మన్ పథకం కింద ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు.

పనిముట్టే పర్సు అయినప్పుడు

ఫోన్ కొనేటప్పుడు ఏం చూస్తారని అడిగితే కెమెరా, బ్యాటరీ, ధర అంటారు. భద్రతా అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయని అడిగేవారు అరుదు. చెల్లింపులకు వాడే పరికరానికి ఇది బ్యాటరీ కంటే తక్కువ విషయం కాదు. ఉత్పాదకత పెరిగే కొద్దీ అన్నీ ఒకే పరికరంలోకి చేరడం ఇంకో సంగతి. ఉదయం గ్రూప్స్ పరీక్షకు చదివి, సాయంత్రం భోజనం పార్సిళ్లు చేరవేసే కుర్రవాడి ఫోన్‌లో అతడి పుస్తకాలు, దారి చూపే మ్యాపు, రోజు సంపాదన, బ్యాంకు ఖాతా అన్నీ ఉన్నాయి. ఆ ఫోన్ తార్నాక మెట్రో స్టేషన్‌లో జారిపోతే అతడికి పోయింది వస్తువు కాదు, ఆ వారం బతుకు. ముందు సిమ్ నిలిపివేయించి, బ్యాంకుకు చెప్పి, సంచార్ సాథీ పోర్టల్‌లోని సీఈఐఆర్ ద్వారా ఫోన్‌ను బ్లాక్ చేయించాలి. దానికి ఐఎంఈఐ సంఖ్య కావాలి. డయల్ ప్యాడ్ మీద *#06# కొడితే ఆ సంఖ్య కనిపిస్తుంది. దాన్ని ఆ ఫోన్‌లోనే దాచుకుంటే ప్రయోజనం లేదు, నోటు పుస్తకంలో రాసుకోండి.

క్షేత్ర పని

మీ ప్రాంతంలో దుకాణదారు, విద్యార్థి, అరవై దాటిన వ్యక్తి, ఒక్కొక్కరిని కలవండి. "సురక్షితమేనా?" అని అడగవద్దు. "కిందటిసారి మీ ఫోన్‌ను ఎవరికి ఇచ్చారు? ఎందుకు?", "ఖాతా నుంచి డబ్బు పోయిందని ఇప్పుడు సందేశం వస్తే మొదట ఎవరికి ఫోన్ చేస్తారు?", "బ్యాంకు నుంచి వచ్చిన చివరి సందేశం ఏమిటి?" అని అడగండి. వారు చెప్పినది వారి మాటల్లోనే రాసుకోండి. తర్వాత, వారు అనుమతిస్తే, ఫోన్‌కు తాళం ఉందో లేదో చూడండి. అభ్యాస పత్రంలో రెండు నిలువు వరుసలు గీసి, ఒకదానిలో విన్నది, మరోదానిలో చూసినది రాయండి. అధ్యయన కేంద్రంలో జరిగే కాంటాక్ట్ తరగతికి ఆ పత్రంతో రండి.