వీడియో చిప్పునకు దుబాసి

విద్యార్థులారా, ఖమ్మము సీమకును భద్రాచలపు అడవులకును నడుమనున్న సంతలను మీరెల్లరు చూచియే యుందురు. గూడెము నుండి చింతపండు, ఇప్పపువ్వు, తేనె తెచ్చిన కోయ ముసలమ్మకు తెలుగు చాలినంత రాదు. కొనవచ్చిన వర్తకునకు కోయభాష రాదు. రెండు భాషలు నెఱిగిన వాడొకడు నడుమ నిలిచినగాని బేరము కుదురదు. అట్టివానిని మన పెద్దలు దుబాసి యనిరి. కంప్యూటరులో డ్రైవరు అనబడునది యిట్టి దుబాసియే. ఒకానొక చిప్పుతో ఎట్లు మాటలాడవలెనో యెఱిగి, కెర్నెలు కోరిన పనిని దానిచేత చేయించుట దాని వృత్తి. వీడియోను విప్పెడి చిప్పునకు ఇట్టి దుబాసి యెట్లు కుదురునో, అది మనకేల కావలెనో ఈ వ్యాసమున వివరింతును.

2020 సెప్టెంబరు 1వ తేదీన తెలంగాణ ప్రభుత్వము దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానెళ్ల ద్వారా పాఠములు ప్రసారము చేయ నారంభించెను. ఇంట టీవీ గల పిల్లలు చూచిరి. టీవీయు, ఫోనుకు సిగ్నలును లేని గూడెముల పిల్లలు చూడలేకపోయిరి. బడులు తెఱచిన పిమ్మట అట్టివారి కొఱకు మేము పాఠముల వీడియోలను మెమరీ కార్డులో నింపి, వసతిగృహమున నొక చిన్న పెట్టెను ప్రొజెక్టరునకు తగిలించి చూపుచుంటిమి. పెట్టె అఱచేతి యంత. లోపల నడుచునది లినక్సు.

ఆ పెట్టెతో వచ్చిన కెర్నెలు మిగుల పాతది. అది క్రొత్త వై-ఫై పరికరమును గుర్తింపలేదు. దానిలోని భద్రతా లోపములను సవరించు వారును లేరు. తయారీదారు క్రొత్త కెర్నెలు నియ్యలేదు. హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్న మన పూర్వవిద్యార్థి యొకడు సెలవులకు వచ్చి క్రొత్త కెర్నెలును ఎక్కించెను. వై-ఫై పనిచేసెను గాని, వీడియో ఆగి ఆగి నడిచెను. అరగంటకు పెట్టె వేడెక్కి తనంత తానే ఆగిపోయెను. ముందు వరుసలోని బాలిక యొకతె, "సార్, చిప్పు చచ్చిపోయిందా?" అని యడిగెను. చిప్పు చావలేదు. దాని దుబాసి పాత కెర్నెలుతో పాటు వెడలిపోయెను, అంతే.

దుబాసి లేనంత మాత్రమున వీడియో యేల కుంటువడవలె నందురా? లెక్క వేసి చూడుడు. నేటి వీడియోలో ఒక బొమ్మకు అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలు. అనగా 20,73,600 చుక్కలు. చుక్కకు మూడు బైట్ల రంగు, సెకనుకు 25 బొమ్మలు అనుకొన్నచో, సెకనుకు 15,55,20,000 బైట్లగును. ఇంత సొమ్మును మెమరీ కార్డు మోయజాలదు. కావున హెచ్.264 వంటి పద్ధతులతో వీడియోను కుదించి, సెకనుకు ఇంచుమించు ఐదు లక్షల బైట్లలో ఇముడ్తురు. ఇది మూడువందల వంతులలో ఒక వంతు.

కుదింపులోని కిటుకు సులభమైనది. ఉపాధ్యాయుడు నల్లబల్లపై వ్రాయుచుండగా చేయి కదలునేగాని గోడ కదలదు. కాబట్టి ప్రతి బొమ్మను మొదటినుండి చెప్పక, "వెనుకటి బొమ్మలోని ఈ ముక్కను ఇంత జరుపుము; ఈ కొంచెము మార్పును చేర్చుము" అని మాత్రము వ్రాసి యుంచెదరు. చూచునపుడు ఆ వ్రాతను మరల బొమ్మలుగా విప్పవలెను. ముఖ్య ప్రాసెసరు ఈ పనిని చేయగలదు గాని, చిన్న పెట్టెలలోనిది త్వరలో అలసి వేడెక్కును. ఈ యొక్క పనికే నిర్మింపబడిన భాగము చిప్పులో వేఱుగా గలదు. అది తక్కువ విద్యుత్తుతో చల్లగా పని ముగించును. అయితే దానిని పిలుచుటకు డ్రైవరు కావలెను.

ఇక మూలకారణమునకు వత్తము. లినక్సు కెర్నెలును 1991లో ఫిన్లాండు దేశపు హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించెను. లోకమందలి వేలకొలది జనులు తమ సవరణలను పంపుచుండగా పెరుగుచున్న ఆ యుమ్మడి గ్రంథమునకే మెయిన్‌లైను అని పేరు. పలువురు చిప్పు తయారీదారులు ఒకానొక సంవత్సరపు ప్రతిని తీసికొని, తమ డ్రైవరును తమకు తోచినట్లు దానికి అతికించి, పెట్టెలో పెట్టి అమ్ముదురు. కెర్నెలు లోపలి యేర్పాట్లు ఏటేట మారుచుండును. వాటిని మార్చువారు మెయిన్‌లైనులోని డ్రైవర్లను గూడ వెంటనే సరిచేయుదురు. వెలుపలనున్న డ్రైవరును ఎవ్వరును చూడరు. వర్తకుని సొంత దుబాసి వర్తకుడు వెళ్లిన దినమున తానును వెళ్లును. సంతకే దుబాసి కుదిరినయెడల వర్తకులు మారినను బేరము సాగును.

వీడియో చిప్పులు రెండు తెగలు. మొదటి తెగ తన లోపలి ఫర్మువేరుతో తానే లెక్క వ్రాసికొనును. కుదించిన వీడియోను అందించిన చాలును, బొమ్మలు వెలికి వచ్చును. రెండవ తెగకు జ్ఞాపకము లేదు. ప్రతి బొమ్మకును "వెనుకటి బొమ్మలలో ఏవి చూడవలెను, కొలతలేవి" అని మరల మరల చెప్పవలెను. ఈ వివరములు బొమ్మతో జతగా, తడబడక చేరవలెను గదా! అందులకై వీడియో ఫర్ లినక్సు అను భాగమున రిక్వెస్టు ఏపీఐ అను ఏర్పాటు చేయబడి, 2018 డిసెంబరున వెలువడిన 4.20 కెర్నెలులో చేరెను. ఆల్‌విన్నరు చిప్పులకు సీడ్రస్ అను డ్రైవరు అదే కెర్నెలులో పరీక్షార్థమైన శాఖయందు ప్రవేశించెను. ఆ పనికి ఫ్రాన్సు దేశపు బూట్లిన్ సంస్థ 2018లో ప్రజల వద్ద చందాలు సేకరించెను.

మెయిన్‌లైనులో చేర్చుట సులభకార్యము కాదు. చిప్పు రిజిస్టర్ల యర్థమును పత్రముల వలననో, పాత డ్రైవరు నడకను గమనించియో గ్రహింపవలెను. దాని చిరునామా, గడియారము, ఇంటరప్టు మొదలగు వానిని డివైస్ ట్రీలో వ్రాయవలెను. తయారీదారు కల్పించిన సొంత ద్వారమును విడిచి, అందఱి కుమ్మడియైన ద్వారమును వాడవలెను. పిమ్మట సవరణలను చిన్న ముక్కలుగా బహిరంగముగా పంపవలెను. పెద్దలు తప్పులు చూపుదురు. దిద్ది రెండవమారు, మూడవమారు, పదవమారు పంపువారును గలరు. జీస్ట్రీమర్, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ వంటి ప్రోగ్రాములు సైతము ఆ క్రొత్త ద్వారమును నేర్చుకొనవలెను.

ఇంత తాత్సార మేల? ప్రోగ్రాములకు ఒకమా రిచ్చిన ద్వారమును తరువాత విఱుగగొట్టరాదని కెర్నెలు వారి నియమము. కావున రెండవ తెగ చిప్పులకు హెచ్.264 ద్వారమును స్థిరపఱచుటకు 2021 ఫిబ్రవరిలో వచ్చిన 5.11 వఱకును, హెచ్‌ఈవీసీ ద్వారమునకు 2022 అక్టోబరున వచ్చిన 6.0 వఱకును పట్టెను.

తయారీదారులే ముందుకు వచ్చుటయు గలదు. హైదరాబాదులో పెద్ద కార్యాలయము గల క్వాల్‌కామ్ సంస్థ చిప్పులకు వీనస్ అను డ్రైవరు 2017లో 4.13 కెర్నెలులో చేరెను. ఆ సంస్థవారే వ్రాసి పంపిన ఐరిస్ అను క్రొత్త డ్రైవరు 2025 మే నెలలో వచ్చిన 6.15లో చేరెను.

మన పెట్టె మాటకు వత్తును. తరువాతి వేసవిలో ఆ పూర్వవిద్యార్థి మరల వచ్చెను. అప్పటికి ఆ చిప్పు డ్రైవరు మెయిన్‌లైనులో కుదురుకొనెను. క్రొత్త కెర్నెలు ఎక్కించిన పిదప హెచ్.264 పాఠములు తడబాటు లేక నడిచినవి. పెట్టెయు చల్లగా నున్నది. అన్ని రకముల వీడియోలు నడువవు; కొన్నిటిని ముందుగా మార్చుకొని చూపుచున్నాము. ఆ బాలిక ఇప్పుడు పై తరగతిలో నున్నది. పెట్టెను తెఱచి మూయుట ఆమె పనియే.

తల్లిదండ్రులకును, తోటి యుపాధ్యాయులకును నా మనవి యొక్కటి. బడికిగాని ఇంటికిగాని ఇట్టి పెట్టెను కొనునపుడు వెల యొక్కటే యడుగకుడు, "దీని వీడియో డ్రైవరు మెయిన్‌లైనులో నున్నదా?" అనియు నడుగుడు. పాతదానిని చెత్తలో వేయుటకు ముందు ఈ ప్రశ్ననే మఱియొక మారు అడిగి చూడుడు.

విద్యార్థులారా, కాపీ పుస్తకమున ఎఱ్ఱసిరా గీతలు చూచి మీరు మొగము చిన్నబుచ్చుకొందురు. ఆ డ్రైవర్లను వ్రాసిన పండితుల పుటలపై అంతకంటె నెక్కువ గీతలు, అదియు లోకులందఱు చూచుచుండగా, పడినవి. వారు దిద్దుకొని మరల పంపిరి. వారి యోపిక వలననే, వా రెన్నడు చూడని అడవి యంచునందలి మన బడిలో ఒక పాఠము ఆగక నడుచుచున్నది.