వీడని జ్వరమా? గుండె చూపించుకోండి

పిడుగురాళ్ల సున్నపు బట్టీల నుంచో, మిరప చేల నుంచో వచ్చినవాళ్లు వారాల తరబడి జ్వరం తగ్గలేదంటే, వైద్యుడిగా నేను ముందు గుండె చప్పుడు వింటాను. గోళ్ల కింద సన్నటి ఎర్రగీతలు, వేళ్ల కొసల్లో నొప్పిపెట్టే బొడిపెలు వెతుకుతాను. ఇవి ఎండోకార్డైటిస్, అంటే గుండె కవాటాలకు సోకే ఇన్ఫెక్షన్, ఆనవాళ్లు కావచ్చు. 1885లోనే వైద్యుడు విలియం ఆస్లర్ లండన్‌లో ఈ జబ్బుపై ఉపన్యాసాలిచ్చారు.

చిన్నప్పటి రుమాటిక్ జ్వరం దెబ్బతీసిన కవాటాలపై నోటిలోని స్ట్రెప్టోకోకస్ బ్యాక్టీరియా మెల్లగా పాగా వేస్తుంది. చర్మం మీది స్టాఫిలోకోకస్ ఆరియస్ మంచి కవాటాన్నైనా రోజుల్లోనే పాడుచేయగలదు. అక్కడ పేరుకున్న గడ్డ ముక్క మెదడుకు చేరితే పక్షవాతమే.

యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే రక్తం మూడుసార్లు తీసి కల్చర్‌కు పంపాలి, గుండెకు ఎకో పరీక్ష చేయాలి. చికిత్స సాధారణంగా 4 నుంచి 6 వారాలు, నరంలోకి.

కవాట జబ్బున్నవాళ్లూ, పళ్లు, చిగుళ్లు శుభ్రంగా ఉంచుకోండి. వీడని జ్వరానికి మందుల షాపులో యాంటీబయాటిక్ కొని మింగకండి.